2024–25 వార్షిక నివేదిక: రన్‌వే లేని ఏడాది

రిమోట్‌తో ఎగరేసే మోడల్ విమానాల మన సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదిక గ్రౌండ్ సంగతితోనే మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్నే ఎప్పటిలాగే విమానాలు కార్లలో పెట్టుకుని వెళ్తే, మన మైదానం నిండా హద్దురాళ్లు, రంగు జెండాలు కనిపించాయి. వెంచర్ వేశారు. రోలర్ తెప్పించి మరీ చదును చేసుకున్న మన రన్‌వే మీద నలభై అడుగుల రోడ్డుకు ముగ్గు పోసి ఉంది. యజమానిని తప్పుపట్టడానికి లేదు, ఇన్నాళ్లూ పైసా తీసుకోలేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఖాళీ నేల దొరకడం ఒక కష్టం, దాని మీద ఎగరేసుకునే ఆకాశం దొరకడం ఇంకో కష్టం. అటు దుండిగల్, హకీంపేట, మధ్యలో బేగంపేట, ఇటు శంషాబాద్, అన్నీ అసలు విమానాలు దిగే చోట్లే. ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ ముందు పెట్టుకుని ఎరుపూ పసుపూ తప్పించుకుంటూ వెతికితే, చివరికి వికారాబాద్ వైపు గ్రీన్ జోన్‌లో ఒక ఎండిన చెరువు దొరికింది. అక్కడ 400 అడుగుల ఎత్తు వరకు మనకు ఇబ్బంది లేదు. కింద నేలతోనే ఇబ్బంది. నెర్రెలు, గులకరాళ్లు, బర్రెల గిట్టల గుంటలు. మొదటి రోజే మూడు ట్రైనర్ విమానాలు ముక్కు మీద పడ్డాయి. రెండు ప్రొపెల్లర్లు, ఒక మోటారు షాఫ్ట్ పోయాయి.

అలా మనం బుష్ ప్లేన్ల దారి పట్టాం. ఎవరో ముచ్చటపడి తెచ్చిన ఫ్యాషన్ కాదిది, వేరే దారి లేక పట్టిన దారి. అలాస్కా, కెనడాల్లో అసలు బుష్ ప్లేన్లు పుట్టిందీ ఇందుకే. రన్‌వే లేని చోట, నది ఒడ్డు ఇసుక మీదో గులకరాళ్ల మీదో దిగాలి. 1947లో ఎగిరిన డి హావిలాండ్ బీవర్, 1949లో వచ్చిన పైపర్ సూపర్ కబ్ ఇప్పటికీ అక్కడ పనిచేస్తున్నాయి. పెద్ద రెక్క, దాని వెనక అంచున కిందికి దించే పెద్ద ఫ్లాపులు, మెత్తటి లావు టైర్లు, తోక కింద చిన్న చక్రం. ఈ నాలుగూ ఉంటే చాలనుకుని మనవాళ్లు పని మొదలుపెట్టారు.

ఏడాదిలో తొమ్మిది విమానాలు కట్టాం, ఏడు మిగిలాయి. అన్నీ 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డుతో చేసినవే. ఎక్కువమంది కట్టిన కొలత చెబుతాను, కొత్తవాళ్లకు పనికొస్తుంది: రెక్క పొడవు 150 సెంటీమీటర్లు, వెడల్పు 25, బ్యాటరీతో కలిపి బరువు 1,300 గ్రాములు. అంటే చదరపు డెసీమీటరు రెక్కకు 35 గ్రాముల లోపు. లెక్క ప్రకారం ఇది ఫ్లాపులు దించకుండా గంటకు 25 కిలోమీటర్ల దగ్గర స్టాల్ అవుతుంది, అంటే రెక్క ఇక మొయ్యలేక విమానం కిందికి జారుతుంది; దించితే 21 దగ్గర. ఎదురుగాలి 10 ఉంటే నేల మీద దాని వేగం 11 మాత్రమే. పక్కన సైకిల్ మీద పోవచ్చు. మేకలు కాసుకునే పెద్దాయన ఒకరు చాలాసేపు చూసి, "గింత నిమ్మళంగ పోయేదానికి మోటరెందుకు సారూ?" అన్నాడు. ఈ ఏడాది మనకు దక్కిన పెద్ద మెప్పు అదేనని నేననుకుంటున్నాను.

టైర్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బయట కొనే బెలూన్ టైర్లు ఖరీదు, పైగా రావడం ఆలస్యం. చిన్నప్పుడు హవాయి చెప్పులు కోసి బండి చక్రాలు చేసుకోనివాళ్లు మనలో ఎవరున్నారు? అదే పని మళ్లీ చేశాం. రెండు చెప్పుల అడుగులు అతికించి గుండ్రంగా కోసి, డ్రిల్ మెషీన్‌కు బిగించి తిప్పుతూ సాండ్‌పేపర్‌తో అంచులు గుండ్రం చేస్తే తొమ్మిది సెంటీమీటర్ల టైరు తయారు. గిట్టల గుంటలను లెక్కచేయలేదు.

పోయిన రెండింటి సంగతీ దాచేదేం లేదు. ఒకటి మే నెలలో మధ్యాహ్నం అద్దాలు వేసిన కారులో ఉండిపోయింది. సాయంత్రం తలుపు తీసేసరికి హాట్ గ్లూ మెత్తబడి రెక్క రెండు ముక్కలుగా సీటు మీద పడి ఉంది. ఎగరకుండానే కూలిన విమానం అది. అప్పటి నుంచి రెక్క మధ్య అతుకుకు ఎపాక్సీ తప్పనిసరి చేశాం.

రెండోది నాదే. దిగేటప్పుడు ఫ్లాపులు పూర్తిగా దించాను. ఎడమ ఫ్లాప్‌ను కదిపే చిన్న మోటారు (సర్వో) చేయి, అదే హార్న్, ఊడి ఆ వైపు ఫ్లాప్ పైకి లేచిపోయింది, కుడిది కిందే ఉంది. నేను అల్లాడుతూ విమానాన్ని పక్కకు వంచే ఏలెరాన్ తిప్పానే గాని, చెయ్యాల్సిన ఒకే ఒక్క పని, ఫ్లాప్ స్విచ్ పైకి అనడం, తట్టలేదు. విమానం వెల్లకిలా తిరిగి పోయి తుమ్మచెట్టు మీద పడింది. ఆ మేకల పెద్దాయనే దోటితో కిందికి లాగి ఇచ్చాడు. హార్న్ మధ్యలో ఉండాల్సిన చిన్న స్క్రూ నా పెట్టెలోనే దొరికింది. బిగించడం మరిచిపోయాను. సంఘంలో పదిమందికి పాఠాలు చెప్పే కార్యదర్శి పరిస్థితి ఇది.

ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో కురిసిన వానలకు చెరువు నిండింది. ఊరివాళ్ల సంతోషం చూస్తుంటే మన గ్రౌండ్ మునిగిందని బాధపడటానికి మొహం చెల్లలేదు. ఈలోగా నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్‌ను ప్రయోగాత్మకంగా నడిపారు. అది డి హావిలాండ్ ట్విన్ ఒటర్, మన బీవర్ వంశమే. ఇద్దరు సభ్యులు రైలెక్కి వెళ్లి చూసొచ్చారు. వచ్చిన మర్నాడే నైక్రోమ్ తీగ వేడిచేసి థర్మాకోల్ కోయడం మొదలైంది.

చక్రాల బదులు నీటి మీద తేల్చే ఫ్లోట్ల కోసం అది. వాటి అడుగున మెట్టులాంటి విరుపు ఉండాలి, అది బరువు మధ్య బిందువుకు కాస్త వెనక రావాలి. మొదట చేసిన జత నున్నగా ఉండేసరికి నీళ్లు పట్టి లాగేశాయి, ఎంత థ్రాటిల్ ఇచ్చినా లేవలేదు. మెట్టు కోసిన జతతో మూడోసారికి లేచింది. దిగడం కూడా బాగానే దిగింది గాని, గాలికి కొట్టుకుపోయి గుర్రపుడెక్కలో చిక్కుకుంది. చేపలు పట్టే ఆయన తెప్ప మీద వెళ్లి తెచ్చిచ్చాడు. ఆ తెప్ప కూడా థర్మాకోలే. మన ఫ్లోట్లు చూసి, అంచులకు గోనెపట్టా చుట్టమని సలహా ఇచ్చాడు. బరువు పెరుగుతుందని చెప్పబోయి ఊరుకున్నాం.

జనవరిలో కంది కోసిన చేను ఒకటి దొరికింది. కంది మోళ్లు ఫోమ్‌ను కత్తిలా చీలుస్తాయి, చెప్పుల టైర్లు కూడా వాటి ముందు ఆగవు. ఒక ఆదివారమంతా అందరం వంగి యాభై అడుగుల మేర మోళ్లు పీకాం. అక్కడే ఫిబ్రవరిలో మనలో మనం చిన్న పోటీ పెట్టుకున్నాం. అలాస్కాలోని వాల్డెజ్‌లో ఏటా మే నెలలో అసలు విమానాలకు జరిగే పోటీ పద్ధతే: లేవడానికి పట్టిన దూరం, దిగి ఆగడానికి పట్టిన దూరం, రెండూ కలిపి ఎవరిది తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. గెలిచినది ఇంటర్ చదివే అమ్మాయి, రెండూ కలిపి నాలుగు మీటర్ల లోపే. బహుమతి ఒక 2200 mAh బ్యాటరీ.

లెక్కల పత్రం కోశాధికారి గారు విడిగా జత చేశారు. ఖర్చులో ఎక్కువ భాగం బ్యాటరీలదే. ఉబ్బిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలు ఎవరూ ఇంట్లో దాచుకోవద్దు. అడుగున ఇసుక పోసిన ఇనుప ట్రంకు పెట్టె చేనుగట్టున షెడ్డులో ఉంది, అందులో పెట్టండి. ఛార్జింగ్ కూడా దాని పక్కనే, మనిషి ఉన్నప్పుడే.

చేను జూన్ వరకే మనది. తర్వాత విత్తుతారు. కొత్త చోటు విషయం సర్వసభ్య సమావేశంలో మాట్లాడదాం. వచ్చేవాళ్లు పాత హవాయి చెప్పులుంటే తీసుకురండి. పెద్ద సైజువైతే మంచిది.

కార్యదర్శి