చప్పుడు చేయని చిరుగు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం మీ వాహనాల పేజీలో, పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు ఏమేం చూసుకోవాలో చెబుతూ వ్యాసం వేశారు. ఇంజను, టర్బో, తుప్పు, పెయింటు కింద దాచిన సొట్టలు, అన్నీ చక్కగా రాశారు. యాక్సిల్ బూట్ల మాట, అంటే చక్రాన్ని తిప్పే షాఫ్టు కీళ్ల మీది రబ్బరు తొడుగుల మాట మాత్రం ఎక్కడా లేదు. అది చూసి మనసు ఆగక రాస్తున్నాను. నేను 31 ఏళ్లు లేత్ మీద పనిచేశాను. రిటైరయ్యాక, ఎన్నాళ్ల నుంచో ఉన్న కోరిక కొద్దీ రెండు సీట్ల పాత కారొకటి కొనుక్కున్నాను. ఇంజను ముందుంటుంది, బండిని తోసేది వెనక చక్రాలు.

వెనక చక్రాల మధ్యనున్న గేర్ల పెట్టె (డిఫరెన్షియల్) నుంచి చక్రానికి వెళ్లే షాఫ్టుకు రెండు చివరలా సీవీ జాయింట్లు, అంటే వంగినా ఒకే వేగంతో తిరిగే కీళ్లు ఉంటాయి. నా కారులో ఒక్కో జాయింటులో ఆరు ఉక్కు బాల్స్. వాటి మీద రబ్బరు తొడుగు, అదే బూటు. కూడిక గుర్తు ఆకారపు ముక్కతో కలిపే మామూలు క్రాస్ జాయింటును వంచి తిప్పితే ఒక్కో చుట్టులో వేగం రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఆ తేడా లేకుండా చేసిన ఆరు బాల్స్ జాయింటు 1920లలో ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా ఆలోచన. 1959లో వచ్చిన మినీ కారు దాన్ని చిన్న బళ్లలోకి తెచ్చింది. ఇంత గొప్ప పనితనం బతికేది ఒక పలచని రబ్బరు తొడుగు, రెండు పట్టీలు, గుప్పెడు నల్లటి గ్రీజు దయ మీద.

ఆ తొడుగు స్పోర్ట్స్ కారుకు త్వరగా పాడవుతుంది. సైలెన్సర్ గొట్టం దాని పక్కనే కాగుతూ ఉంటుంది. అందం కోసం బండిని కిందికి దింపితే షాఫ్టు వంపు పెరిగి, మడతలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. పైగా ఇలాంటి కార్లు నెలల తరబడి కవరు కింద కదలకుండా పడుంటాయి. ఎలా మడిచి ఉందో అలాగే రబ్బరు గట్టిపడుతుంది. పగులు పైకి కనిపించదు, మడత లోయలో మొదలవుతుంది. రెండు బొటనవేళ్లతో మడతలు విడదీసి టార్చి వేస్తేనే వెంట్రుకంత గీత దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ముందు చక్రాలతో నడిచే కారులో జాయింటు అరిగితే, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటకమని చెబుతుంది. మా కార్లలో వెనక చక్రాలు పక్కకు తిరగవు కాబట్టి ఆ హెచ్చరికే రాదు. యాక్సిలరేటర్ వదిలి నొక్కినప్పుడు ధడ్‌మని ఒక దెబ్బ వినిపించే నాటికి జాయింటు పని అయిపోయి ఉంటుంది. చెవి మీద నమ్మకం పెట్టుకోకండి, కిందికి వంగి కళ్లతో చూడండి.

నా సంగతి చెబుతాను. ఒకరోజు ఎడమ వెనక చక్రం లోపలి అంచు మీద నల్లటి గ్రీజు చిమ్మిన చారలు కనిపించాయి. షాపుకు తీసుకెళ్లాను. గంటలో కొత్త బూటు తొడిగి పంపించారు. మూడు వారాలకు బండి వెనక మాడు వాసన వచ్చింది. కింద దూరి చూస్తే, బూటు పెద్ద మూతిని బిగించింది ప్లాస్టిక్ జిప్ టైలతో! ఒకటి తెగింది, ఇంకొకటి జారింది. గ్రీజంతా సైలెన్సర్ మీద పడి కాలుతోంది. ఇంటికి తెచ్చి జాయింటు విప్పాను. బాల్ నడిచే గాడి మీద గోరు ఆనించి లాగితే గోరు ఆగింది. ఆవగింజలో సగం ఉండే గుంట. గట్టిపరిచిన ఉక్కు అది, ఆకురాయి (ఫైలు) కూడా దాని మీద జారిపోతుంది. ఇసుక కలిసిన గ్రీజు దాన్ని మూడు వారాల్లో తినేసింది. పని నేర్చిన చేతులకు ఆ గుంట తగిలితే ఎంత బాధో చెప్పలేను.

కారులో వెళ్లేటప్పుడు ఆ పట్టీ ఎంత పని చేస్తుందో లెక్క వేయండి. చక్రం చుట్టుకొలత 2 మీటర్లు, వేగం గంటకు 120 కిలోమీటర్లు అనుకుంటే, షాఫ్టు నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంది. నా లేత్ మీద అంత వేగంలో చక్‌లో (ముక్కను పట్టి తిప్పే దవడల్లో) ఏ ముక్కనూ ప్లాస్టిక్ తాడుతో కట్టి తిప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. నీళ్ల గొట్టాలకు వాడే స్క్రూ క్లాంపు కూడా ఇక్కడ తగదు. స్క్రూ ఉన్న వైపు బరువు, పైగా పక్కనున్న దేనికైనా తగులుతుంది. దీనికి చెవి (పైకి పొడుచుకొచ్చిన చిన్న మడత) ఉన్న స్టీలు పట్టీ ఉంది. చెవిని దాని పట్టుకారుతోనే నొక్కాలి. మెత్తటి రబ్బరుకు ఒక మోతాదు, గట్టి ప్లాస్టిక్ బూటుకు అంతకంటే గట్టి పట్టు.

రెండోసారి జాయింటుతో సహా నేనే మార్చాను, మా అమ్మాయి సాయం పట్టింది. కొత్త జాయింటు వేసుకున్నా, విప్పేటప్పుడు ఏది ఏ వైపుందో గుర్తులు పెట్టుకున్నాం. లోపలి ముక్క గట్లలో ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. తిరగేసి కలిపితే జాయింటు బిగుసుకుపోతుంది. గ్రీజు మాలిబ్డినం కలిసినదే, కిట్టులో ఇచ్చిన కొలతంతా, బాల్స్ మధ్యకు వేలితో కూరాను. బూటు మూతి కూర్చునే గాడిని మాత్రం స్ప్రే క్లీనరుతో తుడిచి పొడిగా చేశాను. షాపు చేసిన రెండో తప్పు అదే అని నా నమ్మకం. గ్రీజు పూసిన గాడి మీద ఎంత మంచి పట్టీ అయినా రబ్బరు జారుతుంది.

పట్టీలు నొక్కేశాక మా అమ్మాయి టార్చి పట్టుకుని, “నాన్నా, బుగ్గలు లోపలికి పోయాయేంటి దీనికి?” అంది. నిజమే, బూటు మధ్యలో పీక్కుపోయి ఉంది. షాఫ్టు సర్దుతున్నప్పుడు గాలి బయటికి పోయింది, తిరిగి వచ్చే దారి లేదు. అలాగే వదిలితే మడతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. చిన్న మూతి పట్టీ విప్పి, మొన లేని సన్నటి కడ్డీని నెమ్మదిగా పెదవి కిందికి దూర్చాను. ఉస్సుమని గాలి లోపలికి వెళ్లి బూటు తన ఆకారానికి వచ్చింది. అప్పుడు కొత్త పట్టీ వేశాను. ఆ చిన్న చప్పుడు విన్నప్పుడు కలిగిన తృప్తి నాకింకా గుర్తుంది.

చివరి పని బోల్టులు. నా కారులో షాఫ్టుకు ఒక్కో చివర ఆరు. ఆ బోల్టులు పట్టే ఫ్లాంజి (చదును పళ్లెం) ముఖాల మీద గ్రీజు మిగిలితే బోల్టులు వదులవుతాయి. శుభ్రంగా తుడిచి, మాన్యువల్ చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించి, తలల మీద తెల్ల పెయింటు గీత గీశాను. వంద కిలోమీటర్ల తర్వాత గీతలు చూసి, మళ్లీ టార్కు పరీక్షించాను.

బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ తనిఖీలో, దుమ్మును ఆపలేని స్థితిలో బూటు ఉంటే బండి ఫెయిలవుతుంది. అంత కచ్చితత్వం ప్రతి షాపులోనూ ఉండాలని అడుగుతున్నాను. సర్వీసు కాగితంలో బూట్లకు ఒక వరుస ఉండాలి. పట్టీ ఏది వేశారో బిల్లు మీద రాయాలి, విప్పిన పాత బూటు యజమాని చేతికివ్వాలి. మీ పేజీలో వచ్చే వ్యాసానికి ఇది జోడిస్తే చాలామందికి మేలు. గుంట పడిన నా పాత జాయింటు, దాని పక్కన కొత్తది పెట్టి తీసిన ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. చోటుంటే పెద్దగా వేయండి, గుంట కనిపించాలి.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైరైన లేత్ పనివాడు