కుటుంబ నవలల అర మళ్లీ పెడుతున్నాను

షాపుకి వచ్చేవాళ్లందరికీ నమస్కారం.

రెండు నెలలుగా విశాఖ ద్వారకానగర్‌లోని మన అద్దె పుస్తకాల షాపుకి వచ్చినవాళ్లు లోపలి గోడ చూసి ఒకటే అడుగుతున్నారు: "ఇక్కడుండే నవలలు ఏమయ్యాయండీ?" ఒకరికి బైండింగ్‌కి ఇచ్చానని, ఇంకొకరికి సర్దుతున్నానని చెప్పుకొచ్చాను. రెండూ నిజం కాదు. అమ్మేశాను.

వేసవిలో షాపు అద్దె పెరిగింది. చుట్టూ కోచింగ్ సెంటర్లే కాబట్టి గ్రూప్స్, బ్యాంకు పరీక్షల పుస్తకాలు పెడితే ఏ రోజు డబ్బు ఆ రోజే చేతికొస్తుంది. ఆ టెన్షన్‌లో అట్టలు ఊడినవి, సముద్రపు గాలికి చెమ్మ పట్టినవి అనుకుని సుమారు నాలుగు వందల పాత కుటుంబ నవలల్ని కేజీల లెక్కన ఇచ్చేశాను. తర్వాత రిజిస్టర్ తిరగేస్తే గుండె జారిపోయింది. పదేళ్లలో ఎక్కువసార్లు బయటికెళ్లినవి అవే. అట్ట ఊడిందంటే అంతమంది చేతులు మారిందనే కదా! అంత చిన్న విషయం నాకు తట్టలేదు. మీ అందరికీ క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఉక్కునగరం నుంచి వచ్చే ఒక పెద్దాయన ఉన్నారు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, పిల్లలు విదేశాల్లో ఉన్నారు. వచ్చినప్పుడల్లా "నిండా మనుషులుండి, రోజూ దెబ్బలాడుకునే ఇల్లున్న నవల ఏదైనా ఇయ్యి బాబూ" అంటారు. ఒకసారి ఎందుకు మామయ్యగారూ అని అడిగాను. "ఇప్పుడు మా ఇంట్లో దెబ్బలాడుకోడానికి ఎవరూ లేరు కదా" అన్నారు. ఆ రోజంతా నాకు ఆ మాటే చెవిలో ఉంది.

ఇంటింటికీ మట్టి పొయ్యే అంటాం. కానీ ఎవరింటి పొయ్యి సంగతి వాళ్లు బయటికి చెప్పరు, ఇంటి గుట్టు అంటారు. అలిగి ఆరేళ్లు మాట్లాడని బాబాయి, పెళ్లిలో వడ్డన దగ్గర లేచి వెళ్లిపోయిన మేనమామ, అప్పులు దాచిన తండ్రి: ఇవన్నీ ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, ఏ ఇంట్లోనూ లేనట్టే ఉంటాం. నవలలో ఇంకొకరి ఇల్లు తెరుచుకోగానే ప్రాణం తేలికపడేది అందుకే. తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి అన్న జాతి మనది. ఆ భారతమూ అన్నదమ్ముల బిడ్డల ఆస్తి తగాదాయే.

ఆఫీసులో వింత మనిషి ఉంటే ఉద్యోగం మారిపోవచ్చు. స్నేహితుడైతే ఫోన్ ఎత్తడం మానేయొచ్చు. చుట్టరికంలో అలా కుదరదు. రేపు శుభకార్యానికి అదే మనిషి పక్కన, అదే బంతిలో కూర్చోవాలి. ఈ రకం నవలలకి బలం అక్కడినుంచే వస్తుంది. అయితే వింత చేష్టలు ఒకదాని వెంట ఒకటి పేర్చినంత మాత్రాన నవల అవదని నా అభిప్రాయం. ఒకడి వింతకి ఇంట్లో ఇంకొకరు ఖరీదు కడుతుంటారు, అది కనబడాలి. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు వంశగౌరవం పట్టుకుని వేలాడుతుంటే మనకి జాలీ కోపమూ రెండూ వస్తాయి. ఆ పక్కనే భార్య కనబడుతుంటుంది కాబట్టి.

ఈమధ్య నేను అందరికీ ఇస్తున్నది కన్నడంలో వివేక్ శానభాగ్ రాసిన 'ఘాచర్ ఘోచర్'. ఇంగ్లీషు అనువాదం ఉంది, చిన్న పుస్తకం. బెంగళూరులో చీమలతో వేగలేని ఇరుకింట్లో ఉన్న కుటుంబానికి బాబాయి మసాలా వ్యాపారంతో డబ్బొస్తుంది. అక్కణ్ణుంచి ఇంట్లో అందరూ ఆయన మాటకి, ఆయన అవసరాలకి కాపలా. పేరుకి ఏ భాషలోనూ అర్థం లేదు. విడదీయలేనంతగా చిక్కుపడిపోయిందని చెప్పడానికి ఒక ఇంట్లోవాళ్లు పుట్టించుకున్న మాట అది. చదువుతుంటే మా ఇల్లు గుర్తొచ్చింది. నాన్న రైల్వేలో చేసేవారు. కోపం వస్తే కంచం ముందు నోరు మెదపకుండా, చారులో వేలితో గీతలు గీస్తూ కూర్చునేవారు. అమ్మ గుమ్మంలోంచి మెల్లగా "సిగ్నల్ పడింది" అనేది. మేం ముగ్గురం అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని కదలకుండా ఉండేవాళ్లం. ఆ మాట ఈ నలభై ఏళ్లలో బయటివాళ్లెవరికీ చెప్పలేదు, ఇప్పుడే మీకు చెబుతున్నాను.

ఇక షాపు సంగతి. పరీక్షల పుస్తకాలు తీసేయను, అద్దె వాటిమీదే కడుతున్నాను. అవి ముందు వరసలో ఉంటాయి. లోపలి గోడ మళ్లీ కుటుంబ నవలలకే. ఇప్పటికి తొంభై దొరికాయి. పుస్తకం అద్దె 15 నుంచి 20 రూపాయలు చేయక తప్పడం లేదు, డిపాజిట్ మాత్రం పెంచను. మీ అటకమీద పాత నవలలుంటే తీసుకురండి, ఎంత చిరిగినా కొంటాను. బైండింగ్ నేను చేయించుకుంటాను.

ఉక్కునగరం మామయ్యగారూ, మీరు రెండుసార్లు అడిగిన నవల పూర్ణా మార్కెట్ వైపు పాత పుస్తకాల బండి మీద దొరికింది. చివరి రెండు పేజీలు లేవు. ఎంవీపీ కాలనీలో ఒకావిడ దగ్గర అదే పుస్తకం ఉంటే జిరాక్స్ తీసి అతికించాను. కౌంటర్ సొరుగులో మీ పేరు రాసి పెట్టాను.