మొదటి రోజే మందు రాయకపోయినా వైద్యం మొదలైనట్టే

సంపాదకులకు,

మానసిక వైద్యుడికి మొదటిసారి చూపించుకుని వచ్చినవారిని ఇంట్లోవాళ్లు అడిగేది ‘జబ్బు పేరేం చెప్పారు, మందులేం రాశారు?’ అనే. నిజానికి ఆ రోజు డాక్టరు ముందుగా తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఈ మనిషిని ఇవాళ ఇంటికి పంపవచ్చా? పంపితే మళ్లీ ఎన్నాళ్లకు చూడాలి?

అందుకే చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందని బంధువులు కంగారుపడతారు గానీ అలా జరగదు. ఆలోచన వరకే ఉందా, ఎలాగన్నదీ అనుకున్నారా, అందుకు కావలసినవి చేతికందేలా ఉన్నాయా, గతంలో ప్రయత్నించారా, రాత్రిళ్లు తోడెవరుంటారు? జవాబులను బట్టి ఆ రోజే చేర్చుకోవచ్చు, లేదా కొద్దిరోజుల మందులు మాత్రమే ఇంటివాళ్ల చేతికిచ్చి వారంలోపు రమ్మనవచ్చు. ఇలాంటివారికి నెల మాత్రలు ఒకేసారి ఇవ్వడం ప్రమాదం.

తర్వాత ఒంటి సంగతి. థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 తగ్గడం, స్టెరాయిడ్లు, మద్యం కూడా దిగులుగానో ఆందోళనగానో బయటపడతాయి. వృద్ధులు ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడుతుంటే మానసిక ఓపీలో వరుసలో కూర్చోబెట్టకండి. ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో కావచ్చు. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

దిగులు ఏ మేరకు ఉందో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలుంటాయి, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే లోతుగా చూడాలి. అంతేగానీ ఆ అంకె రోగనిర్ధారణ కాదు. మొత్తం ఎంత తక్కువ వచ్చినా 9వ ప్రశ్నకు సున్నా కాకుండా ఏది రాసినా విడిగా మాట్లాడి తీరాలి, ఎందుకంటే అది ఆత్మహానికి సంబంధించినది.

పొరపాటు ఎక్కువ నష్టం చేసే చోటు మరొకటి. నిద్ర లేకున్నా అలసట లేకుండా, ఆపకుండా మాట్లాడుతూ, చేతికొచ్చినట్టు ఖర్చుపెట్టిన రోజులు గతంలో ఉన్నాయేమో కనుక్కోవాలి. ఉంటే అది దిగులు, ఉన్మాదం మార్చిమార్చి వచ్చే బైపోలార్ జబ్బు కావచ్చు; దిగులు మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదంలోకి తిరగవచ్చు. దిగులులో ఉన్నవారికి ఆ రోజులు గుర్తుకు రావు, వచ్చినా జబ్బుగా తోచవు. పక్కనున్నవాళ్లే చెప్పాలి.

దిగులు తేలికపాటిదైతే మాటల చికిత్స మొదలుపెట్టి, రెండు వారాలు చూసి నిర్ణయించడం సరైన పద్ధతే. మందు రాస్తే వికారం, అస్థిమితం ముందొస్తాయి. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. చాలామంది మానేసేది ఈ మధ్యలోనే. పాతికేళ్లలోపువారిలో మొదట్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి వారంలోపు మళ్లీ చూపించుకోవడాన్ని వాయిదా వేయకూడదు.

వెళ్లేటప్పుడు పాత చీటీలు, బీపీ, షుగరు సహా వాడుతున్న అన్ని మాత్రల అట్టలు, ఒకే ఇంట్లో ఉండే మనిషి ఒకరు వెంట ఉండాలి. డాక్టరు కాసేపు బయట కూర్చోమంటే ఆ మనిషి నొచ్చుకోవద్దు. ఇంట్లో కొట్టడం, రహస్యంగా తాగడం, అప్పులు లాంటివి మరొకరి ఎదుట ఎవరూ చెప్పరు.

— ఒక మానసిక వైద్యుడు