వెల్డింగ్ మేస్త్రీ గారికి, మా మారుతీ తరఫున

రాత్రి ఒంటిగంట. చేతులకి తుప్పు పట్టకుండా పూసే రెడాక్సైడ్ ఇంకా వదల్లేదు, నడుం లేవట్లేదు. పడుకుంటే రేపటికి బద్ధకిస్తానని ఈ థాంక్స్ ఇప్పుడే రాస్తున్నాను.

నాన్న 2010లో కొన్న మారుతీ 800 మాది. పదిహేనేళ్ళూ విశాఖ పెదవాల్తేరు ఉప్పుగాలి తాగింది. హుద్‌హుద్ తుపాను రోజున కూడా బయటే తడిసింది. ఆర్సీ రెన్యువల్ ముందు మ్యాట్ ఎత్తి చూస్తే డ్రైవర్ కాళ్ళ దగ్గర సిమెంటు నేల కనిపించింది! రెండేళ్ళ కిందట ఓ షెడ్డు వాళ్ళు పన్నెండు వేలు పుచ్చుకుని "కొత్త రేకు వేశాం సార్" అన్నది అక్కడే. వేసింది కన్నాలు పూడ్చే పుట్టీ ముద్ద, పైన పెయింటు. ఒళ్ళు మండి, నేనే చేసుకుంటానని సెకండ్ హ్యాండ్ మిగ్ వెల్డింగ్ మెషీన్ కొన్నాను. మొదటి రాత్రి ఎండ కళ్ళద్దాలు పెట్టుకుని వెల్డింగ్ మొదలెట్టాను. నవ్వండి, పర్లేదు. రూపాయి బిళ్ళంత కన్నం కాస్తా అరచేయంత అయింది.

తెల్లారుజామున కళ్ళలో ఇసక పోసినట్టు మంట. గేటు ముందు కూలబడి ఏడుస్తుంటే పాల ప్యాకెట్లు పట్టుకుని వస్తున్న ఒక పెద్దాయన ఆగారు. "ఏటి బాబూ, మాస్కు లేకుండా ఆర్కు చూసినావా?" ఆయన షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారట. ఆయనే ఆటో పిలిచి కంటాసుపత్రికి తీసుకెళ్ళారు. నా బదులు రెండు గంటలు లైన్లో నిలబడ్డారు. పాలు ఆ చేతిలోనే విరిగిపోయాయి.

కళ్ళు తేరుకున్నాక, మూడోనాడు సాయంత్రం తన పాత హెల్మెట్ పట్టుకుని వచ్చేశారు. వస్తూనే, "బ్యాటరీ నెగెటివ్ పీకినావా?" పీకలేదు. జేబులోంచి పాత స్పీకర్ అయస్కాంతం తీసి డోరు కింద ఉండే ఇనప అంచు, అదే సిల్లు, దాని పొడవునా నడిపారు. పట్టుకున్నచోట ఇనుము, జారిపోయినచోట పుట్టీ. సుద్దముక్కతో గీత గీసి, "కనబడ్డ తుప్పు మట్టుకే కాదు, మెరిసే ఇనుము తగిలేదాకా కొయ్యి" అన్నారు. 0.8 మిల్లీమీటర్ల రేకు మీద ఏకంగా లాగితే కాలిపోతుంది, లేదా వంకరపోతుంది. అందుకే ఇక్కడో చుక్క, జానెడు అవతల ఇంకో చుక్క, రేకు చెయ్యి పెట్టనిచ్చాక మళ్ళీ ఇంకోటి. పాత ఫ్రిజ్ రాగి గొట్టాన్ని సుత్తితో చదును చేసి అతుకు వెనకాల ఆనించారు. రాగికి వెల్డు అంటుకోదు, వేడిని మాత్రం లాగేసుకుంటుంది. నేను కంగారుపడినప్పుడల్లా "సల్లారనీ, సల్లారనీ" అనేవారు. నాలుగు రాత్రులు, ఆ వయసులో, గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని చేశారు.

డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బలవంతం చేస్తే, "ఆ రోజు పాలు, రెండు ప్యాకెట్లు, యాభై ఆరు. అది ఇయ్యి" అన్నారు. ఇచ్చి లోపలికొచ్చి తలుపేసుకున్నాను. పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు.

మా ఆవిడకి, బావమరిదికి థాంక్స్ సరేసరి.

ఇంత చేశాక ఇన్‌స్పెక్షన్‌కి వెళితే బండి కిందకి ఒక్కరూ వంగి చూడలేదు. హారన్ కొట్టమన్నారు, ఫొటో తీసుకున్నారు, అంతే. పుట్టీతో వెళ్ళినా పాసయ్యేదే! 2022 ఏప్రిల్‌కి ముందు 600 ఉన్న రెన్యువల్ ఫీజు 5,000 చేశారు కదా, అందులో ఓ టార్చ్‌లైట్ కొనుక్కోకూడదా?

అయ్యో, మర్చిపోయాను. అద్దె తీసుకోకుండా వెల్డింగ్ గ్యాస్ సిలిండర్ ఇచ్చిన ఆటోనగర్ కుర్రాడికి, ఎక్స్‌టెన్షన్ వైరిచ్చిన ఇస్త్రీ బండి అన్నకి, సిల్లు కింద నీళ్ళు పోయే కన్నాలు పొడవడానికి గొడుగు పుల్ల విరిచిచ్చిన ఎదురింటి పాపకి కూడా థాంక్స్. కింద వాటా ఆంటీకి కూడా. గ్రైండర్ మోతకి ఒక్కరోజూ అరవలేదు. కాదు, ఒక్కరోజు అరిచారు. న్యాయమే.