రైతుబజారులో కుంకుడుకాయలకు చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా ఇంట్లో తలంటుకే కాదు, పట్టుచీరలకూ వెండి పట్టీలకూ కుంకుడు రసమే వాడతాం. పైతొక్కలోని సపోనిన్లే నురుగునిచ్చి మురికిని వదిలిస్తాయి. గింజలు తీసి, తొక్కల్ని రాత్రి వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున పిసికి వడకడితే చాలు. కళ్లలో పడితే మాత్రం భగ్గున మండుతుంది. పిల్లలకు పోసేటప్పుడు నుదుటికి అడ్డంగా చెయ్యి పెట్టాలి. రసం నిలవ ఉండదు, ఏ రోజుకారోజు తీసుకోవాల్సిందే.

మన్యంలో గిరిజనులు ఏరిన కుంకుడు, శీకాయలను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. వాటికి ప్రతి రైతుబజారులోనూ ఒక దుకాణం కేటాయించాలి. షాంపూ సీసాలకు మనం పెట్టే డబ్బులో కొంతైనా ఆ ఏరినవారి చేతికి చేరాలి. అధికారులు వేసవిలోపే ఈ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

– ఒక గృహిణి, విజయనగరం