పన్ను ఆరకముందే రంగు చూడాలి

సంపాదకుల వారికి,

పంటి రంగును కొలిచే డిజిటల్ పరికరాల గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఇక క్యాప్‌కీ పక్క పంటికీ రంగు తేడా రానే రాదన్నట్టు రాశారు. నేను 19 ఏళ్లుగా డెంటల్ ల్యాబ్‌లో పింగాణీ పొడిని కుంచెతో పొర మీద పొర పేర్చి పళ్లు చేస్తున్నాను. ఆ మాట దగ్గర ఆగిపోయాను.

మేము చేసిన పళ్లు పెట్టుకునే మనుషులను మేము చూడం. మాకు వచ్చేది పళ్ల అచ్చు, ఒక చీటీ. చీటీ మీద చాలాసార్లు ‘ఎ2’ అని మాత్రమే ఉంటుంది. పంటి రంగు పోల్చి చూసే నమూనాల పట్టీ అయిన వీటా క్లాసికల్ షేడ్ గైడ్‌లోని 16 రంగుల్లో అదొకటి. నిజం పన్ను ఒకే రంగులో ఉండదు. చిగురు దగ్గర చిక్కటి పసుపు, నడుమ పలచన, కొసన దాదాపు గాజు.

మీరు రాసిన ఆ డిజిటల్ పరికరం, అంటే స్పెక్ట్రోఫోటోమీటర్, మంచిదే. మన కన్ను అలసిపోతుంది, గదిలోని లైటుకు మోసపోతుంది. అది తన సొంత వెలుగుతో కొలుస్తుంది. అయితే ఆ క్షణంలో పన్ను ఎలా ఉంటే అలాగే చెబుతుంది. చిక్కంతా అక్కడే.

ఒకసారి ఒక ముందు పంటి క్యాప్ తిరిగి వచ్చింది. పరికరం చెప్పిన ‘ఎ1’ ప్రకారమే చేశాను. డాక్టరు గారు పంపిన ఫొటోలో అది సున్నం కొట్టినట్టుంది. పక్క పన్ను మాత్రం తడిగా, వెచ్చటి రంగులో ఉంది. ఫోను చేసి అడిగితే, క్యాప్ తొడగడానికి పన్ను అరగదీయడం పూర్తయ్యాక పక్క పంటి రంగు కొలిచారని తెలిసింది. అంతసేపు నోరు తెరిచి ఉంచితే పన్ను ఆరిపోతుంది. పంటి పై పొర ఎనామెల్‌లోని సన్నటి సందుల్లో తేమ పోయి గాలి చేరుతుంది, పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. పరికరం తప్పేమీ చెప్పలేదు, ఆరిన పంటి రంగు చెప్పింది. పాపం, ఆ క్యాప్ పెట్టించుకోవలసిన అమ్మాయి మళ్లీ డాక్టరు దగ్గరికి రావలసి వచ్చింది.

డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. కుర్చీలో కూర్చోబెట్టగానే, ఇంజెక్షన్ కంటే ముందే రంగు చూడండి. లిప్‌స్టిక్ ఉంటే తుడిపించండి. షేడ్ ట్యాబ్‌ను, అంటే షేడ్ గైడ్‌లోని రంగు నమూనా పన్నును, పంటి పక్కనే పట్టుకుని, రెండూ పడేలా ఫొటో తీయండి. ఫోను కెమెరా రంగులు తనంతట తానే మార్చేస్తుంది, నిజమే. కానీ అదే ట్యాబ్ నా బల్ల మీదా ఉంటుంది కదా! ఫొటో ఎంత పసుపు తిరిగినా ట్యాబ్‌కీ పంటికీ ఉన్న తేడా నాకు అందుతుంది. అరగదీసిన పన్ను నల్లబడి ఉంటే అదీ రాయండి, పలచటి పింగాణీ వెనకనుంచి ఆ నలుపు తొంగి చూస్తుంది.

పళ్లు తెల్లబరిపించుకున్న వారు కనీసం రెండు వారాలు ఆగాకే క్యాప్‌కు రంగు చూపించుకోండి. ఈలోపు ఆ తెలుపు కొంత దిగుతుంది.

ఆ డాక్టరు గారు ఇప్పుడు ముందుగానే ఫొటో పంపుతున్నారు. మొన్న వచ్చిన ఫొటోలో పంటి కొసన ఆవగింజంత తెల్ల మచ్చ కనిపించింది. క్యాప్‌లో దాన్ని కూడా పెట్టాను.

– ఒక డెంటల్ ల్యాబ్ టెక్నీషియన్