కోర్టులో నాకు రక్షణ ఉత్తర్వు వచ్చింది, నా వెంట నిలబడ్డ అందరికీ దండాలు

అందరికీ నమస్తే. పోయిన వారం నల్గొండ కోర్టులో నా డీవీసీ (గృహ హింస చట్టం కింద వేసిన) కేసు ఫైనల్ ఆర్డర్ వచ్చింది. మా ఆయన నన్ను కొట్టొద్దు, ఫోన్ చేసి బెదిరించొద్దు, నేను పని చేసే షాపు దగ్గరికి, పిల్లల బడి దగ్గరికి రావొద్దు అని జడ్జి గారు రాశారు. పిల్లలు నా దగ్గరే ఉంటారు, నెలనెలా ఖర్చులకు డబ్బులు కట్టాలి, పెళ్లప్పుడు మా తల్లిగారు పెట్టిన బంగారం తిరిగివ్వాలి. ఆర్డర్ కాపీ చేతికి వచ్చినప్పటి నుంచి ఇది రాయాలని కూర్చుంటున్నా, రాయబోతే చేతులు వణుకుతున్నాయి.

పేర్లు రాయడం లేదు. కొందరు గవర్నమెంట్ ఉద్యోగాల్లో ఉన్నారు, కొందరు ఇప్పటికీ అదే ఊళ్లో అదే వాడలో బతకాలి. చదివితే ఎవరికి వాళ్లకు తెలుస్తుంది.

మొదట ఆ రాత్రి ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు. మా అత్త నా పక్కనే నిలబడి "బాత్రూంలో జారిపడ్డది మేడం" అని చెప్తుంటే ఆమె రాయడం ఆపేసి, "డ్రెస్సింగ్ చేయాలి, మీరు బయట కూర్చోండమ్మా" అని పంపించింది. తలుపు దగ్గరికి వేసి "ఇప్పుడు నువ్వు చెప్పు తల్లీ" అంది. మోచేతి మీద, వీపు మీద ఉన్న దెబ్బలు, పాతవి ఏవి, కొత్తవి ఏవి, ఏది ఎంత పొడవు ఉంది, స్కేలు పెట్టి కొలిచి రాసింది. ఇంత వివరంగా ఎందుకు రాస్తుందో ఆ రోజు నాకు తెలియలేదు. తర్వాత కోర్టులో అవతలి లాయర్ అంతా కట్టుకథ అన్నప్పుడు నన్ను కాపాడింది ఆమె రాసిన ఆ కాగితమే.

దానికి ముందు పెద్దమనుషుల పంచాయితీలు చాలా అయ్యాయి. కాగితం మీద సంతకాలు పెట్టిస్తారు, పిల్లల మొఖం చూసి సర్దుకుపోవాలె అంటారు, నాలుగు రోజులకు మళ్లీ మొదలు. ఒకాయన "సంసారం గుట్టు, రోగం రట్టు" అని సామెత చెప్పి కండువా దులుపుకుని లేచిపోయాడు. ఒక పోలీస్ స్టేషన్‌లో "మొగుడూ పెళ్లాల గొడవకు ఇక్కడిదాకా ఎందుకొచ్చినవమ్మా" అన్నారు. వాళ్ల గురించి ఎక్కువ రాయను, కానీ ఫిర్యాదుకు వచ్చిన ఆడమనిషికి నీకు రక్షణ ఉత్తర్వు అడిగే హక్కుంది, లాయర్‌ను ఉచితంగా ఇస్తారు, ఈ కేసుల్లో సాయం చేయడానికి ప్రొటెక్షన్ ఆఫీసర్ అనే అధికారి ఉంటారు అని చెప్పడం పోలీసుల బాధ్యత అని గృహ హింస చట్టంలోనే రాసి ఉంది. నాకు అక్కడ ఎవరైనా ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదు.

ఆ ముక్క చెప్పింది మా వాడ అంగన్‌వాడీ టీచర్. నాతో ఎవరైనా మాట్లాడితే ఇంట్లో రాద్ధాంతం అవుతుందని ఆమెకు తెలుసు. అందుకని పాపకు ఇచ్చే బాలామృతం ప్యాకెట్‌కు ఒక చీటీ పిన్ను కొట్టి ఇచ్చింది. అందులో 181 అని ఆడవాళ్ల హెల్ప్‌లైన్ నంబర్, కింద "ఎప్పుడైనా చేయొచ్చు, పైసలు పడవు" అని రాసి ఉంది. టీచరమ్మా, ఆ చీటీ ఇప్పటికీ నా ఆధార్ కార్డు కవర్లో ఉంది.

అత్తగారి ఊరు మిర్యాలగూడ అవతల. నేను పిల్లలను తీసుకుని నల్గొండలో తల్లిగారింటికి వచ్చేశాక సఖి కేంద్రంలో (హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే గవర్నమెంట్ కేంద్రం) మేడం నన్ను కూర్చోబెట్టి చెప్పిన మొదటి సంగతి, కేసు వేయడానికి మళ్లీ అటు పోనవసరం లేదు, ఇప్పుడు నువ్వు ఎక్కడ ఉంటున్నావో అక్కడి కోర్టులోనే వేయొచ్చు అని. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆమె నా మాటల్లోనే డీఐఆర్, అంటే జరిగిన హింస గురించి కోర్టుకు ఇచ్చే రిపోర్టు, రాసింది, మధ్యలో నేను ఏడిస్తే పెన్ను పక్కన పెట్టి ఆగింది, తొందర పెట్టలేదు. చివర్లో మొత్తం చదివి వినిపించి, తప్పుంటే చెప్పమని అడిగింది. అప్పటిదాకా నా సంగతి నన్నే అడిగి రాసిన వాళ్లు ఎవరూ లేరు.

లాయర్ మేడంను జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు ఇచ్చారు. ఆడవాళ్లకు సంపాదన ఎంతున్నా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, తెల్ల రేషన్ కార్డు ఉండాలని కూడా లేదు. నా పెద్ద భయం ఏంటంటే, కేసు వేసిన రోజే ఆయనను జైల్లో వేస్తారు, రేపు పిల్లలు నన్ను నిలదీస్తారు అని. అందరూ అట్లాగే భయపెట్టారు. మేడం ఓపికగా చెప్పింది. ఈ పిటిషన్ వేసినంత మాత్రాన ఎవరూ జైలుకు పోరు, రక్షణ ఉత్తర్వు ఇచ్చాక దాన్ని కాదని మీదికొస్తే అప్పుడు అది నేరం, ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు అని. ఈ చట్టం 2005లో చేశారంట, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉందంట. అంటే నా పెళ్లి కంటే ఎంతో ముందు నుంచే ఉంది. పెళ్లిలో అన్నీ చెప్పారు గానీ ఇది ఎవరూ చెప్పలేదు.

మొదటి వాయిదా 3 రోజుల్లోపు పెట్టాలని, అక్కడి నుంచి 60 రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉంది. నాకు అంతకంటే చాలా ఎక్కువ పట్టింది, ఇది దాచి చెప్తే చదివేవాళ్లకు అన్యాయం చేసినట్టు అవుతుంది. కానీ మేడం మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేదాకా ఉండే ఉత్తర్వు, ముందే అడిగింది, దానివల్ల కేసు నడిచినన్ని రోజులు నేను భయం లేకుండా బయటికి పోయి పని చేసుకోగలిగాను. నోటీసు అందియ్యడానికి పోతే ప్రతిసారి "ఇంట్లో లేడు" అనేవాళ్లు. ప్రొటెక్షన్ ఆఫీసర్ ఆఫీసు నుంచి వచ్చిన హోంగార్డ్ అన్న, మా ఆయన రైస్‌మిల్లు నుంచి వచ్చే టైం కనుక్కుని, చీకటి పడేదాకా బస్టాప్‌లో కూర్చుని చేతికిచ్చి సంతకం పెట్టించుకుని వచ్చాడు. అన్నా, ఆ రోజు వాన కూడా పడ్డది, నాకు తర్వాత తెలిసింది.

మధ్యంతర ఉత్తర్వులో నా కుట్టు మిషన్ కూడా రాయించింది మేడం. నాకే ఆ ఆలోచన రాలేదు, బంగారం గురించే చెప్పాను. "నీకు రేపటి నుంచి అన్నం పెట్టేది ఏది?" అని ఆమె అడిగితే అప్పుడు చెప్పాను. పోలీసులను వెంటబెట్టుకుని పోతే మిషన్ పశువుల కొట్టంలో ఉంది, బెల్టు కోసేసి, పైన యూరియా సంచులు వేసి. మా తమ్ముడు, ఒక కానిస్టేబుల్ చెరో పక్కన పట్టి ఆటోలోకి ఎక్కించారు. ఇప్పుడు దాని మీదనే రోజూ జాకెట్లు కుడుతున్నా. ఉత్తర్వు ఉండగానే ఆయన ఒకరోజు షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు, 112కు ఫోన్ చేశాను, వచ్చిన ఎస్సై గారు నా ఫోన్లో ఆర్డర్ ఫొటో చదివి ఆయనను అక్కడి నుంచి పంపించి నా స్టేట్‌మెంట్ రాసుకున్నారు. సార్, మీరు "ఎందుకు గొడవ" అని నన్ను అడగలేదు. దానికే పెద్ద థాంక్స్.

ఇక పెద్దమ్మ. మాకు చుట్టం కాదు, అత్తగారింటి పక్కిల్లు. విచారణకు ఆఫీసు వాళ్లు ఊరికి పోయినప్పుడు వాడంతా తలుపులు వేసుకుంది. నన్ను చంకన ఎత్తుకుని ఊరేగించినంత ప్రేమ చూపించిన వాళ్లు కూడా "మాకేం తెలుసు" అన్నారు. పెద్దమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని, పప్పు చెరుగుకుంటూ, ఏ రోజు ఏం విన్నదో, నేను ఏ రాత్రి పిల్లలతో ఆమె గడప దగ్గర పడుకున్నానో అన్నీ చెప్పింది.

కోర్టుకు కూడా వచ్చింది. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలి నాట్లు జోరుగా నడుస్తున్న రోజులు. బస్సు ఆడవాళ్లకు ఫ్రీయే గానీ కూలి పోతుంది, పైగా ముఠాలో ఒకరు తగ్గితే మిగిలినవాళ్లు ఊరుకోరు. అయినా తెల్లారే సరికి ఇస్త్రీ చీర కట్టుకుని నల్గొండలో దిగింది. అవతలి లాయర్ గద్దించి అడిగాడు, ఈ అమ్మాయి మీకు ఏమవుతుంది, మీకు ఎంత ఇచ్చారు అని. "ఏం గాదు సారూ. మాకూ వాళ్లకూ నడుమ ఒకటే గోడ. ఆమె మొత్తుకుంటే నాకు నిద్ర పట్టలే. అది చెప్పనీకె వచ్చిన" అంది. జడ్జి గారు తల ఎత్తి ఆమె వైపు చూశారు. ఆ తర్వాత మా అత్తగారి వాళ్లు ఆమెతో మాటలు బంద్ చేశారు, వాళ్ల బోరు నీళ్లు కూడా ఆపేశారని విన్నాను. పెద్దమ్మ నాకు ఒక్కసారి కూడా ఆ సంగతి చెప్పలేదు. నా గురించి నేను చెప్పుకోవడం వేరు, ఏ సంబంధం లేని మనిషి కూలి పోగొట్టుకుని, ఊళ్లో మాట పోగొట్టుకుని, బోనెక్కి చెప్పడం వేరు. ఈ ఆర్డర్‌లో సగం ఆమెదే అని నేను అందరికీ చెప్తున్నా.

మా మరదలు గురించి రాయకపోతే పాపం తగులుతుంది. ఉన్నవి రెండు గదులు, పెళ్లయి ఏడాది కాలేదు, వాళ్ల గది మాకిచ్చి వాళ్లు వరండాలో పడుకున్నారు. "వదినా, ఎన్ని రోజులుంటవ్" అని ఆమె ఇంతవరకు అడగలేదు.

ఆయనకు సెషన్స్ కోర్టులో అప్పీలుకు 30 రోజులు టైం ఉంది. వేస్తే వేయనీ, లాయర్ మేడం నా తరఫున వాదించడానికి వకాలత్ కాగితం అప్పుడే సిద్ధం చేసి పెట్టింది. బంగారం ఇంకా రావాలి. నల్గొండ చుట్టుపక్కల ఎవరికైనా ఇలాంటి కష్టం ఉంటే 181కి చేయండి, లాయర్ కావాలంటే 15100కి చేయండి, కోర్టుకు ఒక్కరే పోవడానికి భయమైతే నాకు మెసేజ్ పెట్టండి, వాయిదా రోజు షాపు మూసి మీ వెంట వస్తా.

పెద్దమ్మా, నీ మనవరాలు ఇది చదివి వినిపిస్తదని తెలుసు. డబ్బులు ఇస్తే తీసుకోవు కదా. బతుకమ్మకు నీకు, ఆ పిల్లకు జాకెట్లు నేనే కుడతా, పాత జాకెట్ ఒకటి కొలతకు ఇచ్చి పంపు. చేతులు కొంచెం వదులు పెట్టాలా, అట్లనే ఉంచాలా, అది కూడా చెప్పు.